ఆ నాలుగు గంటలు ఎవరి ఖాతాలో వేయాలి?

పదకొండు పేజీల ఉత్తరం. గీతల కాగితం మీద, ఒక్క కొట్టివేత కూడా లేని చేతిరాత. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి గోదావరి ప్రాంతమని మాత్రం చెబుతాను.

రాసినావిడ వయసు 38. పట్నంలో ఒక బడిలో లెక్కల టీచరు. నాన్నగారికి 66 ఏళ్ళు. పల్లెలో అమ్మతో ఉంటారు, అన్నయ్య ఇల్లు అదే వీధిలో. ఐదు నెలల కిందట ఒక తెల్లవారుజామున 5.45కి అమ్మ లేపబోతే నాన్నగారి కుడిచెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు లాగేసింది, మాట పడిపోయింది. అన్నయ్య పరుగున వచ్చి ఆటో మాట్లాడాడు. ఆ ఆటో ఆస్పత్రికి కాక, 20 కిలోమీటర్ల అవతల పక్షవాతానికి పసరు పోసే మనిషి ఇంటికి వెళ్ళింది. ఆయన పసరు తాగించాడు, కుడిపక్కంతా పావురం రక్తం రాయించాడు, 41 రోజుల పథ్యం చెప్పాడు. సంగతి తెలిసి ఈవిడ ఫోనులో కేకలు వేశాకే ఆస్పత్రికి కదిలారు. చేరేసరికి 9.45.

మెదడు ఎడమవైపు రక్తనాళం గడ్డతో మూసుకుపోయిందని స్కాన్‌లో తేలింది. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సమయం దాటిపోయిందన్నారు డాక్టర్లు. ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళ మధ్య 'మాత్రలు వేశారా', 'వేశాం' తప్ప మాటల్లేవు. ఇప్పుడు నాన్నగారు కర్ర, పక్కన మనిషి ఉంటే నాలుగడుగులు వేస్తారు. కుడిచేతి వేళ్ళు కొద్దిగా తెరుచుకుంటాయి. నోట 'అదే... అదే' తప్ప మరో మాట రాదు. అన్నయ్య వేరే నగరంలో స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్లు ఇచ్చే చోటు కనుక్కున్నాడు. మూడు విడతలు, ఏడున్నర లక్షలు. అందుకు నాన్నగారి పేర ఉన్న 60 సెంట్ల పొలం అమ్మి, వేలిముద్ర వేయిస్తానంటున్నాడు. అమ్మేమో ఆపేసిన పసరు పథ్యం పూర్తిచేస్తే మాట వస్తుందంటోంది. ఈవిడ ఉద్యోగం మానేసి ఏడాదిపాటు నాన్నగారి దగ్గరే ఉండాలనుకుంటున్నారు.

ఇంకో చిక్కుంది. ఆ రాత్రి మూడున్నర ప్రాంతంలో స్నానాలగది తలుపు చప్పుడు, కుళాయి చప్పుడు విన్నట్టు అమ్మ ఈవిడకు మాత్రమే చెప్పింది. అంటే అప్పటికి నాన్నగారు బాగానే ఉన్నారన్నమాట. 'ఈ సంగతి అన్నయ్యకు చెప్పాలా? ఇంజెక్షన్లు వేయించాలా, వద్దా? ఉద్యోగం మానేయనా?' అని మూడు ప్రశ్నలు.

అమ్మా, మీరు అడిగిన వరసలో చెప్పలేను. మీ ఉత్తరంలో నన్ను ముందు ఆపేసింది అయిదో పేజీలోని గుణకారం. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు నిమిషానికి 19 లక్షల నాడీకణాలు పోతాయని ఎక్కడో చదివారు. 240 నిమిషాలతో హెచ్చవేశారు. 45 కోట్ల 60 లక్షలు అని రాసి, కింద రెండు గీతలు గీశారు. లెక్క తప్పు కాదు. ఆ అంకె కూడా నిజమైనదే. అమెరికా నాడీవైద్యుడు జెఫ్రీ సేవర్ 2006లో కట్టిన అంచనా అది. కానీ ఆయన ఎందరో రోగుల స్కాన్ల నుంచి ఒక సగటు తీశాడు. ఒకరి మెదడులో నష్టం గంటన్నరలో ముగిసిపోతుంది. పక్కదారి రక్తనాళాలు గట్టిగా ఉన్న మరొకరికి పది గంటల తర్వాత కూడా కాపాడుకోదగిన భాగం మిగిలి ఉంటుంది. అంబులెన్సులను, ఆస్పత్రులను పరుగెత్తించడానికి కట్టిన లెక్కతో మీరు మీ అన్నయ్యకు బిల్లు వేశారు.

ఆ తెల్లవారుజామును డాక్టర్ల కళ్ళతో చూద్దాం. నిద్రలో వచ్చిన పక్షవాతానికి గడియారం మేలుకున్న క్షణం నుంచి మొదలుకాదు. మనిషి బాగున్నట్టు చివరిసారి ఎవరైనా చూసిన సమయం నుంచి లెక్కిస్తారు. నాన్నగారు రాత్రి 9.30కి పడుకున్నారని రాశారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌ను 1995లో అమెరికా పరీక్ష మూడు గంటలలోపు ఇస్తే మేలని చూపింది, 2008లో ఐరోపా పరీక్ష దాన్ని నాలుగున్నర గంటలకు పెంచింది. 9.30 నుంచి లెక్కేస్తే ఆ గడువు రాత్రి రెండింటికే అయిపోయింది. అప్పటికి మీ అమ్మగారు నిద్రలో ఉన్నారు, అన్నయ్య నిద్రలో ఉన్నాడు, పసరు మనిషీ నిద్రలోనే ఉన్నాడు.

మూడున్నర నుంచి లెక్కేస్తే గడువు ఎనిమిది దాకా ఉంది. మీ ఊరి నుంచి స్కాన్ ఉన్న ఆస్పత్రికి గంట ప్రయాణమన్నారు. నేరుగా వెళ్ళి, అక్కడ అన్నీ చకచకా జరిగితే ఏడున్నరకు ఇంజెక్షన్ పడేదేమో. సన్నటి సందు, అయినా సందే. లేదని మీకు అబద్ధం చెప్పను. అయితే మీ అమ్మగారు తలుపు చప్పుడు విన్నారు గాని మనిషిని చూడలేదు. ఆయన చెయ్యి చూడలేదు, మాట వినలేదు. తలుపు తీసింది బాగున్న చెయ్యో, అప్పటికే బరువెక్కిన చెయ్యో ఎవరికీ తెలియదు. చాలామంది డాక్టర్లు ఆ చప్పుడును నమ్మి ఇంజెక్షన్ ఇచ్చేవారు కాదు, ఎందుకంటే దానికి ప్రమాదమూ ఉంది. 1995 పరీక్షలో 624 మంది ఉన్నారు. ఇంజెక్షన్ తీసుకున్నవారిలో నూటికి 39 మంది మూడు నెలలకు దాదాపు మామూలు మనుషులయ్యారు, తీసుకోనివారిలో 26 మంది అయ్యారు. తీసుకున్నవారిలో నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమై పరిస్థితి విషమించింది. చాలా మంచి మందే. కానీ సమయానికి పడినా నూటికి అరవై మంది ఏదో ఒక లోపంతో మిగిలారు, లేదా చనిపోయారు. మీ ఊహలో మాత్రం ఏడున్నరకు ఇంజెక్షన్ పడ్డ నాన్నగారు మర్నాడే సైకిలెక్కి పొలానికి వెళ్తున్నారు.

(ఇది చదువుతున్న మిగతావారికి ఒక మాట. నిద్రలో వచ్చిన పక్షవాతమని చేతులెత్తేసే రోజులు పోతున్నాయి. ఎప్పుడు మొదలైందో తెలియని 503 మందిని ఎంఆర్‌ఐతో ఎంచి ఇంజెక్షన్ ఇస్తే మేలు జరిగిందని 2018లో ఐరోపా పరీక్ష ఒకటి చూపింది. పెద్ద నాళంలోని గడ్డను తీగతో లాగేసే చికిత్సను, ఎంపిక చేసిన కొందరికి 24 గంటల వరకూ చేయవచ్చని అదే ఏడాది తేలింది. అన్ని ఊళ్ళలో దొరకదు. అయినా 108కి ఫోన్ చేసి, స్కాన్ ఉన్న చోటికి పోనివ్వండి. గంటలు దాటాయో లేదో ఆస్పత్రివాళ్ళు తేల్చుకుంటారు. నోట్లో మాత్రం ఏమీ పోయకండి. మూతి వంకరపోయిన మనిషికి మింగడం కూడా సరిగా రాకపోవచ్చు, పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.)

ఇక తొమ్మిదో పేజీ. అక్కడ మీరు సగం వాక్యంలో దాటేసిన సంగతి ఒకటుంది. ఈ ఘటనకు 12 రోజుల ముందు నాన్నగారు ఫోన్ చేసి, కుడిచెయ్యి తిమ్మిరెక్కి పెన్ను జారిపోయిందని, పావుగంటలో సర్దుకుందని చెప్పారు. 'చెయ్యి కింద పెట్టుకుని పడుకుని ఉంటారు నాన్నా' అన్నారు మీరు. ఆ వెంటనే తర్వాతి వాక్యంలో అన్నయ్య మీద కోపం మొదలై రెండు పేజీలు నడిచింది. ఆ రెండు పేజీల కోపం ఎక్కడ పుట్టిందో మీకూ తెలుసనుకుంటాను. తెలియకపోతే ఆ ఫోన్ సంగతి నాకు రాసేవారు కాదు.

అవును, అది వచ్చి వెళ్ళిన చిన్న పక్షవాతమే అయ్యుండవచ్చు. గడ్డ నాళాన్ని మూసి, మళ్ళీ తనంతట కరిగిపోయి ఉంటుంది. అలాంటివారికి ఆలస్యం లేకుండా వెంటనే చికిత్స మొదలుపెడితే ఏమవుతుందో ఆక్స్‌ఫర్డ్‌లో పీటర్ రాత్‌వెల్ బృందం 2007లో చూపింది. పాత పద్ధతిలో 90 రోజుల్లో నూటికి పది మందికి మళ్ళీ పక్షవాతం వస్తుంటే, వెంటనే మందులు మొదలుపెట్టాక అది ఇద్దరికి తగ్గింది. ఆ సంగతి తెలియని కూతురు ఎవరైనా మీరన్నమాటే అంటుంది. తెలియని కొడుకు ఎవరైనా తాతల నాటి నుంచి విన్న పసరు దగ్గరికే తీసుకెళ్తాడు. సంక్రాంతి తర్వాత తల తిరుగుతోందని బీపీ మాత్రలు మానేసింది నాన్నగారే, అది కూడా మీరే రాశారు. చాలా దేశాల్లో వేలమంది రోగుల మీద జరిగి, 2010లోనూ 2016లోనూ ఫలితాలు వచ్చిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనంలో పక్షవాతానికి అన్ని కారణాల్లోకీ పైన నిలిచింది అధిక రక్తపోటే. మీ గోదావరి జిల్లాల్లోనే 45 గ్రామాల్లో చావులకు కారణాలు ఆరా తీసిన అధ్యయనం ఒకటి 2006లో వచ్చింది. నూటికి 32 చావులు గుండె, రక్తనాళాల జబ్బులవే. పద్దు రాయడమంటూ మొదలుపెడితే అందులో మీ పేరూ నాన్నగారి పేరూ రాయాల్సి వస్తుంది, గంట దూరం దాకా స్కాన్ లేకపోవడానికి కారణమైనవారి పేర్లూ రాయాలి.

ఇప్పుడు స్టెమ్ సెల్స్. ఈ ప్రశ్నకు మన దేశమే జవాబు వెతికింది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల నాయకత్వంలో ఐదు ఆస్పత్రుల్లో 120 మంది పక్షవాత రోగుల మీద పరీక్ష చేసి, 2014లో ఫలితాలు ప్రచురించారు. సగం మందికి వాళ్ళ ఎముక మజ్జ నుంచి తీసిన కణాలను నరంలోకి ఎక్కించారు, మిగతా సగానికి మామూలు చికిత్స చేశారు. ఆరు నెలలు చూస్తే కీడు జరగలేదు, మేలూ జరగలేదు. అదీ పక్షవాతం వచ్చిన కొద్ది వారాల్లోపే ఇచ్చి చూసిన పరీక్ష; నాన్నగారికి ఐదు నెలలైంది. 120 మంది చిన్న సంఖ్యే, ఈ దారి శాశ్వతంగా మూసుకుపోయిందని అనను. కానీ 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బులకు స్టెమ్ సెల్స్‌ను పరిశోధనలో భాగంగా తప్ప ఇవ్వకూడదు. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. అన్నయ్యను ఒక్క ఫోన్ చేయమనండి. 'ఇది పరీక్షా, చికిత్సా? పరీక్షయితే, ఇలాంటి పరీక్షలు నమోదయ్యే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో మీ నంబరు ఎంత? డబ్బు ఎందుకు?' అని అడగమనండి. వాళ్ళు నంబరు చెప్పి, రుసుము లేదంటే మళ్ళీ నాకు రాయండి, అది వేరే సంగతి. 'ఫలానా ఊరాయన ఇంజెక్షన్ తర్వాత నడిచాడు' అంటే దానికి జవాబుంది. పక్షవాతం వచ్చాక మొదటి నెలల్లో చాలామంది తమంతట తాము కొంత కోలుకుంటారు. ఆ రోజుల్లో పక్కన ఎవరుంటే పేరు వాళ్ళది. పసరు మనిషి పేరు మోగడానికీ అదే కారణం.

పొలం అమ్మి ఇంజెక్షన్లు వేయించి ఫలితం లేకపోతే, ఏడాది తర్వాత కాలు జారి తుంటి విరిగిన రోజున చేతిలో ఏమీ ఉండదు. వద్దని మీరు మొండికేస్తే 'నాన్న కోసం ఒక్క ప్రయత్నం చేయనివ్వలేదు' అన్న మాట జీవితాంతం మీ నెత్తిన ఉంటుంది. ఇది మీరు తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు. అందుకే వద్దని చెప్పే పని మీరు తలకెత్తుకోకండి. వైద్యం చేసిన నాడీవైద్యుడి ముందు ఇద్దరూ కలిసి కూర్చుని, అన్నయ్యనే అడగనివ్వండి.

ఆ రోజు అడగవలసిన అసలు ప్రశ్న మరొకటుంది. పదకొండు పేజీల్లో ఎక్కడా లేదు. ఈ గడ్డ ఎక్కడి నుంచి వచ్చింది? డిశ్చార్జి కాగితాలు తీయండి. మెడ రక్తనాళాల స్కాన్, గుండె లయ తెలిపే పరీక్షలు చేశారా? గుండె లయ తప్పి గడ్డ కట్టిందని తేలితే మామూలు ఆస్పిరిన్ చాలదు, మరో రకం మందు కావాలి. దానితో మళ్ళీ వచ్చే ముప్పు మూడింట రెండు వంతులు తగ్గుతుంది. మెడలోని నాళం బాగా ఇరుకై ఉంటే ఆపరేషన్ గురించి అడగాలి. పుర్రె లోపలి నాళాలే ఇరుకవడం మన ప్రాంతం రోగుల్లో ఎక్కువని హైదరాబాద్ నిమ్స్ వైద్యులు ఏళ్ళ తరబడి నమోదు చేసిన వివరాల్లో తేలింది. అప్పుడు మందుల మీదే భారమంతా. ఇంజెక్షన్ల కోసం అన్నయ్య పది ఫోన్లు చేశాడు, మీరు పది వ్యాసాలు చదివారు. మళ్ళీ రాకుండా ఏం చేయాలన్నది ఎవరూ అడగలేదు. పక్షవాతం వచ్చినవారికి బీపీ తగ్గించే మందులిస్తే మళ్ళీ వచ్చేది నాలుగో వంతుకు పైగా తగ్గిందని ఆరు వేల మందితో జరిగిన పరీక్ష 2001లోనే చెప్పింది. నాన్నగారు ఒకసారి మాత్రలు మానేసిన మనిషి. మాత్రల డబ్బా ఎవరి చేతిలో ఉందో ముందు చూడండి.

ఉద్యోగం సంగతి. ఇంటి మనుషులకు శిక్షణ ఇచ్చి వాళ్ళతోనే వ్యాయామాలు చేయిస్తే రోగులు మరింత బాగా కోలుకుంటారా అని మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో చూశారు. 2017లో ఫలితం వచ్చింది. ఆరు నెలలకు, శిక్షణ ఇచ్చిన, ఇవ్వని రెండు వైపులా నూటికి 47 మంది చనిపోయారు లేదా ఇతరుల మీద ఆధారపడే స్థితిలోనే ఉన్నారు. కుటుంబం వల్ల ఉపయోగం లేదని దీని అర్థం కాదు, రెండు వైపులా కుటుంబాలున్నాయి. ఉద్యోగం వదిలి మీరే ఫిజియోథెరపిస్టు అవతారమెత్తితే అదనంగా ఒరిగేది కనబడలేదని మాత్రం అర్థం. మీ జీతం ఆగితే ఫిజియోథెరపిస్టుకు ఇచ్చే డబ్బు కూడా ఆగుతుంది. మానేయాలనే మీ మనసుకు తోస్తే మానేయండి, తండ్రి దగ్గర ఉండాలనుకోవడానికి పరిశోధన అనుమతి అక్కర్లేదు. చికిత్స కోసం మాత్రం కాదు.

డబ్బు పెట్టదగిన చోట్లున్నాయి. వేళ్ళు కొద్దిగా తెరుచుకుంటున్నాయన్నారు కదా, అది చిన్న విషయం కాదు. బాగున్న చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే రోజుకు గంటల తరబడి పని చేయించే పద్ధతి ఒకటుంది. పక్షవాతం వచ్చి మూడు నుంచి తొమ్మిది నెలలైన 222 మందితో చేసిన అమెరికా పరీక్ష 2006లో వచ్చింది, చెయ్యి వాడకం మెరుగైంది. నాన్నగారు సరిగ్గా ఆ కాలంలోనే ఉన్నారు. నాన్నగారి చేతికి అది తగునో కాదో ఫిజియోథెరపిస్టు ఒక పూటలో చెప్పగలరు. మాటకు ఆరు నెలల గడువంటూ లేదు. ఏళ్ళు గడిచినవారు సహా 156 మందికి జర్మనీలో మూడు వారాలు గట్టిగా మాటల సాధన చేయిస్తే వాళ్ళు రోజువారీ మాటల్లో మెరుగుపడ్డారని 2017లో ప్రచురించారు. నగరంలో ఒక నెల ఉంచి రెండూ చేయించడం ఒక దారి. ఖర్చు ఎక్కువ, ఇంటికొచ్చాక సాధన ఆగిపోతే ఫలితం జారిపోతుంది. ఇంటికే ఫిజియోథెరపిస్టు వచ్చి, మాటల సాధన ఫోనులో వీడియో ద్వారా నడవడం మరో దారి. నిదానం, అమ్మగారి మీద భారం, కానీ పొలం మిగులుతుంది. అమ్మగారిని పసరు మాన్పించడానికి వాదించకండి. నూనెతో మృదువుగా మర్దన చేయనివ్వండి, భుజం లాగవద్దని చెప్పండి. గడ్డ కట్టకుండా ఇచ్చే మందులతో పసరు ఎలా కలుస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి నోటి ద్వారా ఏదీ వద్దని డాక్టరు చేత చెప్పించండి.

పొలం గురించి ఒక్కరిని ఎవరూ అడగలేదు. అది ఎవరి పేర ఉందో ఆయనను. 1861లో పారిస్ వైద్యుడు పాల్ బ్రోకా దగ్గరికి వచ్చిన రోగి ఒకడు ఏది అడిగినా 'టాన్, టాన్' అనే అనేవాడు. ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం దాదాపు అంతా అర్థమయ్యేదని బ్రోకా రాశాడు. మెదడులో మాట పుట్టే చోటు ఎక్కడో లోకానికి మొదట చూపింది ఆ మనిషే. నాన్నగారి 'అదే' కూడా అలాంటిదే కావచ్చు. మనవడు వస్తే 'అదే' అని నవ్వుతారని, వార్తలు పెడితే ఛానల్ మార్చమని సైగ చేస్తారని మీరే రాశారు. అంతా అర్థమవుతున్న మనిషి వేలిని పట్టుకుని సిరా పూస్తే ఆయనకెలా ఉంటుంది? పొలం ఫోటో ఒకటి, ఆస్పత్రి ఫోటో ఒకటి ఆయన ముందు పెట్టండి. ఒక్కో ప్రశ్నే, చిన్నగా, అవును కాదులతో అడగండి. అదే ప్రశ్న మర్నాడు తిప్పి అడగండి. రెండు రోజులూ ఒకే జవాబు వస్తే అది నాన్నగారి మాటే. ఆయన అమ్మమంటే? అప్పుడు మీ ఇద్దరికీ నా సలహా కంటే ఆయన మాట ఎక్కువ.

తలుపు చప్పుడు సంగతి చెప్పాలా వద్దా అన్నది మిగిలింది. చెబితే అన్నయ్య పొలం అమ్మకానికి ఇంకా తొందరపడతాడు, ఎందుకంటే ఏడున్నర లక్షలు ఆయన వేసుకున్న జరిమానా. చెప్పకపోతే, కోపం వచ్చినప్పుడల్లా అది మీ నాలుక చివరికి వస్తుంది, అమ్మ నోట ఎప్పుడో జారుతుంది కూడా. నాకు తోచింది చెబుతాను, మీ ఇంటి సంగతి మీకే తెలుసు. చెప్పదలిస్తే మీ పెన్ను సంగతితో మొదలుపెట్టండి. మీ ఫోను, మీ పన్నెండు రోజులు ముందు చెప్పి, తర్వాత ఆ తలుపు గురించి చెప్పండి, అది అమ్మ కేవలం విన్న చప్పుడని కూడా కలిపి. మీ వంతు చెప్పడానికి సిద్ధంగా లేకపోతే ఆయన వంతు కూడా ఇప్పుడు కదపకండి.

ఇంకొకటి. ఆస్పత్రిలో నాన్నగారి మంచం పక్కన నర్సు సరదాగా అన్నయ్యకు బీపీ చూస్తే 168/104 వచ్చిందని ఏడో పేజీలో రాశారు. ఆయనకు 43 ఏళ్ళు, రోజుకు అరపెట్టె సిగరెట్లు. ఐదు నెలలైంది, తర్వాత ఎవరూ చూడలేదు. ఈ ఆదివారం ఊరికి వెళ్ళినప్పుడు ఆయన్ని బీపీ చూపించుకోవడానికి తీసుకెళ్ళండి. తలుపు చప్పుడు ఇంకో ఆదివారం చూసుకోవచ్చు.